రోమన్ హాలిడేని సాగదీసి చూపకండి

సంపాదకులకు,

‘రోమన్ హాలిడే’ (1953) అనే హాలీవుడ్ సినిమా ముగింపు మీద చెన్నైలోని తెలుగువాళ్లలో రెండు మాటలున్నాయి. రాకుమారినీ విలేకరినీ విడదీశారు, ఇదేం ప్రేమకథ అని కొందరు. కలిపితే కథే చెడేదని ఇంకొందరు. మాది రెండో పక్షం. విలేకరుల సమావేశం అయ్యాక విలేకరి పాత్ర వేసిన గ్రెగరీ పెక్ జేబుల్లో చేతులు పెట్టుకుని ఖాళీ హాల్లో ఒక్కడే నడిచొస్తాడు. ఒక్క మాట లేదు. ఆ నడకలో అడుగడుగునా బరువుంది.

‘బోరు’ అనేవాళ్లు ముందు తమ టీవీ సెట్టింగ్ చూసుకోవాలి. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చూస్తే ఈ చిత్రం ఫ్రేము 1.37:1, ఇప్పటి టీవీ తెర 16:9. తెర నిండాలని సాగదీస్తే రాకుమారి ఆడ్రీ హెప్‌బర్న్ ముఖం సుమారు 30 శాతం వెడల్పవుతుంది. జూమ్ చేస్తే పైనా కిందా కలిపి 23 శాతం బొమ్మ పోతుంది. పిక్చర్ సైజు ‘ఒరిజినల్’లో పెట్టండి. పక్కల నల్లపట్టీలు ఉండాల్సిందే. కదలికల్ని టీవీయే నున్నగా మార్చే ‘మోషన్ స్మూతింగ్’ ఆపేయండి, లేకపోతే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది.

అబద్ధాలాడేవాళ్ల చెయ్యి కొరికేస్తుందని చెప్పుకునే రాతిముఖం నోట్లో పెట్టిన తన చేతిని పెక్ కోటు స్లీవ్‌లోకి లాక్కుని దాచేసినప్పుడు హెప్‌బర్న్ వేసిన కేక నటన కాదు, ఆ సంగతి ఆమెకు ముందు చెప్పలేదు. ఆ క్షణంలో ఆమె ముఖం ఉన్నదున్నట్టు కనబడాలి.

– పాత సినిమా అభిమానులు, టి.నగర్, చెన్నై