టీవీ పట్టికలో ఇంకో గడి కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక రోజూ వేసే టీవీ కార్యక్రమాల పట్టికలో ఛానల్ పేరు, టైం ఉంటాయి. ఒకప్పుడు అంతకు మించి అక్కర్లేదు. ఏడున్నరకని వేస్తే ఏ ఇంట్లోనైనా ఏడున్నరకే. ఇప్పుడు అదే కార్యక్రమం హాల్లో సెట్‌టాప్ బాక్సుకు ఒక టైంకి, పడకగదిలో యాప్‌కు ఇంకో టైంకి, చేతిలో ఫోన్‌కు మరో టైంకి చేరుతోంది. అయిపోయాక కూడా కొన్నాళ్లపాటు నొక్కినప్పుడల్లా వస్తోంది. అందుకని పట్టికలో ఇంకో చిన్న గడి పెట్టి, బొమ్మ ఏ దారిన వస్తుందో అందులో వేయండి. టీవీ ముందు జరిగే తగాదాల్లో చాలావాటికి మూలం ఆ దారి తెలియకపోవడమే.

ముందు లైవ్ సంగతి. ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి డిష్‌లో ఆలస్యం ఎక్కువని చాలామంది అనుకుంటారు. సిగ్నల్ పైకెళ్లి కిందికి రావడానికి పట్టేది పావు సెకనే. మిగతా కొన్ని సెకన్లూ బొమ్మను కుదించి పంపడానికి, ఇక్కడ మళ్లీ విప్పడానికి పోతాయి. యాప్ దారి వేరు. నెట్‌లో వీడియో పంపడానికి 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డ్యాష్ పద్ధతి, రెండూ వీడియోను ముక్కలుగా కోసి మామూలు వెబ్ ఫైళ్లలాగే పంపిస్తాయి. హెచ్‌ఎల్‌ఎస్‌లో మొదట్లో ముక్క 10 సెకన్లు ఉండేది, తర్వాత 6 సెకన్లు చాలన్నారు. ప్లేయర్ మామూలుగా మూడు ముక్కల వెనక నుంచి మొదలెడుతుంది. అంటే 18 సెకన్లు అక్కడే పోయాయి. ముక్క తయారవడానికి, సర్వర్లు దాటి ఇంటికి రావడానికి పట్టేది కలిపితే అర నిమిషం ఇట్టే అవుతుంది. ముక్కను ఇంకా చిన్న తునకలు చేసి పంపే పద్ధతులు వచ్చాయి, వాటితో ఆలస్యం కొన్ని సెకన్లకు దిగుతుంది. కానీ ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం ప్లేయర్ ముందే తెచ్చిపెట్టుకున్న వీడియో నిల్వే. తొట్టి చిన్నదైతే నీళ్లు రెండు నిమిషాలు ఆగినా కుళాయి ఎండిపోయినట్టు, నెట్ కాస్త తడబడినా బొమ్మ ఆగుతుంది.

దీని ఫలితం మ్యాచ్ రోజు తెలుస్తుంది. హాల్లో కేక వినబడ్డాక పడకగదిలో బంతి కదులుతుంది. ఫోన్‌లో స్కోరు యాప్ ఈ రెంటికంటే ముందే టింగుమంటుంది, ఎందుకంటే దానికి వచ్చేది వీడియో కాదు, నాలుగు అంకెలు. చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మ్యాచ్ మొదలవక ముందే స్కోరు యాప్‌లో నోటిఫికేషన్లు ఆపాలి. ఒకే ఇంట్లో రెండు టీవీలుంటే రెంటికీ ఒకే దారి పెట్టాలి: రెండూ బాక్సే, లేదా రెండూ ఒకే యాప్. ఒక సంగతి మాత్రం చాలామంది గమనించరు. మధ్యలో సున్నా గిరగిరా తిరిగి ఆగినప్పుడు చాలా ప్లేయర్లు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలెడతాయి. అలా మూడుసార్లు పది సెకన్ల చొప్పున ఆగితే ఇంకో అర నిమిషం వెనకబడ్డట్టే. తెర మీద ‘లైవ్’ అన్న ఎర్రగుర్తు వెలిసిపోయి ఉంటే దాని మీద నొక్కాలి. అది లేకపోతే ఛానల్లోంచి బయటికొచ్చి మళ్లీ వెళ్లాలి.

రిమోట్ పట్టుకుని ఛానళ్లు వరసగా తిప్పుకుంటూ పోయే అలవాటు తగ్గింది కదా, దానికి చూసేవాళ్ల ఓపిక తగ్గడమే కారణమని అనేస్తున్నారు. పాత అనలాగ్ టీవీలో మీట నొక్కితే బొమ్మ వెంటనే వచ్చేది. డిజిటల్ ప్రసారంలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అర సెకనుకో రెండు సెకన్లకో ఒక పూర్తి బొమ్మ వస్తుంది, మధ్యలో వచ్చేవన్నీ ఏం మారిందో చెప్పేవే. ఛానల్ మార్చాక ఆ పూర్తి బొమ్మ వచ్చేదాకా ఆగాలి. డబ్బు కట్టి చూసే ఛానల్ అయితే తాళం వేసిన బొమ్మను విప్పే కోడ్ కూడా బాక్సుకు అందాలి. ఇలా యాభై ఛానళ్లు తిప్పాలంటే ఒకటి రెండు నిమిషాలు నల్లతెర చూడటమే. అందుకే జనం గైడ్‌కి, వెతుకులాటకి, పోస్టర్ల వరసకి అలవాటు పడ్డారు. అలవాటును మార్చింది యంత్రం, మనిషి కాదు.

సిగ్నల్ పాడైనప్పుడూ అంతే. మునుపు తెర మీద చీమలు పాకినట్టు చుక్కలొచ్చినా వార్తలు వినబడేవి. ఇప్పుడు బాగుంటే పూర్తిగా బాగుంటుంది, ఒక గీత దాటితే గళ్లు గళ్లుగా విరిగి, ఆ తర్వాత ఏమీ ఉండదు. మెకానిక్‌ను పిలిచే ముందు బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు గీతలుంటాయి, చూడండి. బలం నిండుగా ఉండి నాణ్యత పడిపోతే తప్పు టీవీది కాదు. డిష్ కాస్త తిరిగి ఉండొచ్చు, కేబుల్‌లోకి నీళ్లు దిగి ఉండొచ్చు, కనెక్టర్ సరిగ్గా కట్టకపోయి ఉండొచ్చు. బాక్సు ప్లగ్గు తీసేసి, వెనక మరలాగా తిప్పి బిగించే ఆ కనెక్టర్ విప్పండి. మధ్య రాగి తీగ కొస అంచు దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు నిటారుగా కనబడాలి. చుట్టూ ఉండే అల్లికలోంచి వెంట్రుకంత తీగ ఒక్కటి దానికి తగిలినా పని చెడుతుంది. అన్నీ కాక కొన్ని ఛానళ్లే పోయాయంటే అవన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద మోపుగా వచ్చేవై ఉంటాయి. టీవీ మార్చి లాభం లేదు.

యాప్ దారిలో లక్షణం వేరుగా ఉంటుంది. బొమ్మ విరగదు, మసకబారుతుంది. నెట్ తగ్గిందని ప్లేయర్ తనంతట తానే తక్కువ నాణ్యత ముక్కలు తెప్పించుకుంటుంది. సాయంత్రాలే ఇలా అవుతోందంటే వైఫైని అనుమానించాలి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని వైఫై ఛానళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ వాటినే పంచుకుంటాయి. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాలి. మధ్యలో రెండు గోడలుంటే అది సరిగ్గా అందకపోవచ్చు, అప్పుడు లాన్ కేబుల్ వేసుకోవడం మేలు. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే (సెకనుకు 100 మెగాబిట్ల వేగం) కాబట్టి స్పీడ్ టెస్టులో వైఫై కంటే తక్కువ చూపొచ్చు. కంగారుపడక్కర్లేదు. 4కే సినిమాకు 25 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది, కావాల్సింది వేగం కంటే నిలకడ. డేటా లెక్కకు ఒక సులువుంది: ఎంబీపీఎస్ సంఖ్యను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వస్తుంది. 5 ఎంబీపీఎస్ హెచ్‌డీ అయితే 2.25 జీబీ, 16 ఎంబీపీఎస్ 4కే అయితే 7.2 జీబీ. ఆరంగుళాల ఫోన్‌లో 1 ఎంబీపీఎస్ 480పీ చూస్తే అర జీబీ కూడా కాదు. అంత చిన్న తెర మీద ఎక్కువ నాణ్యత పెట్టడం నా లెక్కన దండగే.

ఫోన్‌లోది టీవీలో వేయడంలో రెండు పద్ధతులున్నాయి. రెంటినీ ‘కనెక్ట్ చేయడం’ అనే అంటారు, గొడవంతా అక్కడే. మొదటిది వీడియో యాప్ లోపల, మూలన అలలున్న చిన్న తెర గుర్తు నొక్కడం. అప్పుడు ఫోన్ టీవీకి చిరునామా మాత్రమే ఇస్తుంది, వీడియోను టీవీయే తెప్పించుకుంటుంది. ఫోన్ తెర ఆపేయొచ్చు, కాల్ మాట్లాడుకోవచ్చు, అది రిమోట్ మాత్రమే. రెండోది ఫోన్ పైనుంచి కిందికి లాగే మెనూలోని మిర్రరింగ్. ఇందులో ఫోన్ తన తెరను క్షణక్షణం మళ్లీ కుదించి పంపుతుంది. ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ కరుగుతుంది, బొమ్మ పట్టిపట్టి కదులుతుంది. అన్నిటికీ మించి, వచ్చిన ప్రతి మెసేజీ ఇంటిల్లిపాదీ చదువుతారు. కొన్ని యాప్‌లు మిర్రరింగ్‌లో కావాలనే నల్లతెర చూపిస్తాయి. సినిమాకు మొదటి పద్ధతే వాడాలి, మిర్రరింగ్ ఫొటోలకు చాలు. అలల గుర్తు కనబడట్లేదంటే ఫోన్ మొబైల్ డేటా మీద ఉందేమో, గెస్ట్ వైఫైకి తగులుకుందేమో చూడాలి. గెస్ట్ వైఫైలో పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా రూటర్ అడ్డుకట్ట వేస్తుంది.

ఇక రాత్రిపూట ఇతరుల నిద్ర చెడకుండా బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకునేవాళ్ల బాధ. పెదవులు ముందు కదులుతాయి, మాట తర్వాత వినబడుతుంది. మామూలు బ్లూటూత్‌లో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు ప్రకారం శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే చూసేవాళ్లు పసిగడతారు. ముందొస్తే 45కే దొరికిపోతుంది. దూరాన బట్టలు ఉతికేవాళ్ల దెబ్బ చూశాకే చప్పుడు వినడం మనకు అలవాటు కదా. టీవీ మెనూలోని ‘సౌండ్ డిలే’ చాలావరకు శబ్దాన్ని ఇంకా వెనక్కి నెట్టడానికే పనికొస్తుంది. ఇప్పటికే ఆలస్యమైన శబ్దాన్ని అది ముందుకు తేలేదు. తీగ హెడ్‌ఫోనో, టీవీ తయారీదారు తమ టీవీకి తక్కువ ఆలస్యంతో పనిచేస్తుందని చెప్పిన హెడ్‌ఫోనో వాడటమే దారి.

టీవీ యాప్‌లు పాతబడి, తెర బాగున్న సెట్‌కు స్టిక్ (టీవీ వెనక గుచ్చితే కొత్త యాప్‌లు నడిపే చిన్న పరికరం) పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట. స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇవ్వకండి. పాత పోర్టు ఇచ్చేది అర ఆంపియరే, చాలా స్టిక్‌లకు ఒకటి కావాలి. సినిమా మధ్యలో అది తనంతట ఆరి వెలగడానికి కారణం చాలాసార్లు ఇదే. దాంతో వచ్చిన అడాప్టరే గోడకు పెట్టాలి.

పెద్ద తెరను జనం వదిలేశారన్న మాట కూడా సరికాదు. ప్రేక్షకుల లెక్కలు తీసే నీల్సన్ సంస్థ ప్రకారం 2025 మేలో అమెరికాలో టీవీ చూసే సమయంలో స్ట్రీమింగ్ (నెట్ ద్వారా చూసేది) వాటా 44.8 శాతానికి చేరి, మొదటిసారి కేబుల్, సాధారణ ప్రసారాల ఉమ్మడి వాటాను దాటింది. అది టీవీ సెట్ మీద చూసినదాని లెక్కే, ఫోన్లది అందులో లేదు. సెట్ అక్కడే ఉంది, దారి మారింది.

కాబట్టి పట్టికలో ప్రతి కార్యక్రమం పక్కన మూడు గుర్తులు చాలు: ప్రసారం, యాప్‌లో లైవ్, తర్వాత చూసే వీలు. మూడోదానికి ఏ తేదీ దాకా ఉంటుందో కూడా వేస్తే మరీ మంచిది. మ్యాచ్‌ల దగ్గర, రికార్డింగ్ పెట్టుకునేవాళ్లు ముగింపు టైంకి అరగంట కలుపుకోవాలని ఒక వాక్యం చేర్చండి. గైడ్‌లో వేసిన టైంకి మ్యాచ్ ముగియదు, చివరి పది నిమిషాలే పోతాయి. చోటు చాలదంటే రోజూ ఒకే టైంకి వచ్చే సీరియళ్ల వరసలు తీసేయండి. వాటిని చూసేవాళ్లకు ఆ టైం కంఠతా వచ్చు.

ఇట్లు,
టీవీ, నెట్ లైన్ల పని తెలిసిన ఒక పాఠకుడు