డిశ్చార్జి అయిన సాయంత్రం

చిన్నా,

రేపు నిన్ను ఆసుపత్రి నుంచి పంపిస్తామన్నారు. ఎదురుగా కూర్చుని చెప్పబోతే ఇద్దరికీ మాట పెగలదు, అందుకే రాస్తున్నాను. రూముకి వెళ్ళాక ఆఫీసు మెయిళ్ళు తర్వాత చూసుకో. సాయంత్రం ఏ మీటింగ్‌కి వెళ్తావో ముందు తేల్చుకో, అదే, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్. "కాస్త కుదుటపడ్డాక వెళ్తాలే" అనుకునే ఆ వారంలోనే చాలామందికి గ్లాసు మళ్ళీ చేతికొస్తుంది.

మానడం నీ వల్ల కాదని నేననను. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టనివాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది లేరు! మాల తీసిన రెండో రోజు వాళ్ళు ఎక్కడుంటారో నీకూ తెలుసు. ఆపడం వేరు, ఆపింది నిలబెట్టుకోవడం వేరు. ఏఏ మీటింగ్ ఆ రెండోదాని కోసం.

మీ ఆసుపత్రి సోషల్ వర్కర్ని అడిగితే దగ్గర్లో ఏ గ్రూపులున్నాయో చెబుతారు. ఏఏ వాళ్ళ భారత కార్యాలయం వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ప్రభుత్వం వాళ్ళ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 కూడా ఉంది, డబ్బులు పడవు. నంబరు దొరికితే మాత్రం ఫోన్ చెయ్యకుండా బయల్దేరకు. మీటింగులు ఎక్కువగా ఏ చర్చి హాల్లోనో, బడి గదిలోనో పెడతారు, బయట పెద్ద బోర్డేమీ ఉండదు. ఇవాళ ఉందా, ఏ గేటు, ఎన్నో అంతస్తు, ఏ భాషలో మాట్లాడతారు, ఓపెనా క్లోజ్డా అని అడుగు. లిస్టులో టైము పాతదైతే నీకు తాళం స్వాగతం చెబుతుంది, తిరిగొచ్చే దారిలో వైన్ షాపు తలుపులు తెరిచే ఉంటాయి. అలాంటి రోజు కోసం ఒక ఆన్‌లైన్ మీటింగ్ లింకు ఫోన్లో పెట్టుకో.

ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, నేనూ రావచ్చు. క్లోజ్డ్ దానికి తాగుడు మానాలనుకునేవాళ్ళే వస్తారు. ఆ కోరికే అర్హత, సర్టిఫికెట్లేమీ అడగరు. ఫీజు లేదు. మధ్యలో ఒక సంచో డబ్బానో చేతులు మారుతూ వస్తుంది, గది అద్దెకీ టీకీ. పదో ఇరవయ్యో రూపాయలు అందులో వేస్తే చాలు, మొదటి రోజు వెయ్యకపోయినా ఎవరూ చూడరు. బయటివాళ్ళ విరాళం వాళ్ళు తీసుకోరు. ఆ పద్ధతి నాకు నచ్చింది, ఏ రాజకీయ నాయకుడి ఫోటో ఉండదక్కడ.

గంటో గంటన్నరో సాగుతుంది. పేరొక్కటి చెప్పు, ఇంటిపేరూ కంపెనీ పేరూ వద్దు. మాట్లాడమంటే "ఇవాళ వింటాను" అను, సరిపోతుంది. ఒకరు చెప్పాక ఇంకొకరు సలహా ఇవ్వరు, ఓదార్చరు. కొత్తవాడికి అది పట్టించుకోనట్టే అనిపిస్తుంది, కానీ మధ్యలో అడ్డం పడేవాడు లేకపోతేనే మనిషి నిజం చెబుతాడు. ప్రార్థన దగ్గర నీకు ఇబ్బందైతే మాట్లాడకుండా నిలబడు. ఒక్క మీటింగ్ చూసి "నాకు సెట్ కాదు" అనొద్దు. రెండు మూడు గ్రూపుల్లో కలిపి కనీసం ఆరు చూడు. తొంభై రోజుల్లో తొంభై మీటింగులకి వెళ్ళమని పాతవాళ్ళు చెబుతారు. అన్ని కుదరకపోయినా మొదటి నెల మాత్రం వదలకు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. మీటింగ్ అయిపోగానే చెప్పులేసుకుని జారుకోకు. పది నిమిషాలు ముందెళ్ళి కుర్చీలు వేయడానికి చెయ్యి వెయ్యి, అయ్యాక టీ తాగేదాకా ఉండు. అక్కడ ముగ్గురి నంబర్లు తీసుకో. ఫోన్లో ఎక్కించుకున్నా ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకో, ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా ఆ రాత్రే. ఇక మర్నాడు, ఏ బాధా లేనప్పుడే, ముగ్గురికీ ఒక్కో ఫోన్ చెయ్యి. "నిన్న కలిశాం కదా అన్నా, ఊరికే చేశాను" అంటే చాలు. ఒకసారి మాట్లాడిన నంబరుకైతేనే రాత్రి పదకొండింటికి, మనసు లాగేటప్పుడు, వేలు కదులుతుంది. ముక్కూ మొహం తెలియని నంబరుకి కదలదు.

స్పాన్సర్‌గా, అంటే నీకు తోడుగా ఉండి దారి చూపే పాత సభ్యుడిగా, మగవాళ్ళనే ఎంచుకో, కనీసం ఏడాదిగా తాగనివాణ్ణి. ఆయన అప్పులిచ్చేవాడూ కాదు, డాక్టరూ కాదు. "డాక్టర్ రాసిన మందులు మానెయ్, మీటింగ్ చాలు" అని ఎవరైనా అంటే వినకు. సభ్యులెవరూ డాక్టర్ పని చెయ్యొద్దని ఏఏ కరపత్రమే చెబుతుంది. నీకు రాసింది డైసల్ఫిరం, అంటే తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, అయితే మరీ జాగ్రత్త. అది ఆపినా రెండు వారాల దాకా ఒంట్లో పనిచేస్తుంది, ఆల్కహాల్ ఉన్న దగ్గు మందుతో కూడా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి.

ఒకవేళ జారావనుకో. ఒక్క పూటైతే ఆ సాయంత్రమే మీటింగ్‌కి వెళ్ళు, లోపల కూర్చోనిస్తారు. రోజుల తరబడి తాగితే మాత్రం ఒక్కసారిగా ఆపేసి మీటింగ్‌కి పరిగెత్తకు. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు లేనివి కనబడుతూ మతి తప్పవచ్చు. అది ప్రాణం మీదికొచ్చే సంగతి. ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే కుర్చీ.

నేను ఆల్-అనాన్‌కి వెళ్తాను, అది ఇంట్లోవాళ్ళ కోసం. అక్కడ నీ సంగతులు చెప్పను, నీ మీటింగ్‌కి ఎవరెవరొచ్చారో నిన్నూ అడగను. ఇక నుంచి సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా నా ఫోన్ నీకు రాదు. తొమ్మిదింటికి చేస్తాను, అన్నం తిన్నావా అని అడగడానికి.

మీ అమ్మ