ముందు రెక్క చూడు

వాంకూవర్, వాషింగ్టన్
ఆగస్టు ఆఖరు

చిన్నూకి అమ్మ ఆశీస్సులు.

చేపలు పట్టే లైసెన్సూ, పట్టినవి రాసుకునే క్యాచ్ కార్డూ తీసుకున్నావనీ, మీ ఆఫీసువాళ్ళ పడవలో కొలంబియా నదిలోని హాన్‌ఫోర్డ్ రీచ్‌కి వెళ్తున్నావనీ చెప్పినప్పటి నుంచీ నా కాలు నేల మీద నిలవడం లేదు. రిచ్‌లాండ్‌లో ఉద్యోగం వచ్చిందన్నప్పుడు కూడా ఇంత సంతోషించలేదేమో. అయితే ఆ రోజు ఫోన్లో ఒక మాట అన్నావు. "ఒళ్ళు హూనం చేసుకుని పట్టినదాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడమేంటమ్మా?" అని. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు చేతికొచ్చింది ఏ చేపో తెలియాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మీ దగ్గర ఎక్కువగా తగిలేది చినూక్ అనే సాల్మన్. వలలోకి రాగానే పైకి ఎత్తకు. వల నీళ్ళలోనే ఉంచి నోరు చూడు. నోరూ, పళ్ళ చుట్టూ ఉండే చిగుళ్ళూ నల్లగా ఉండి, తోక పై కొసమీదా కింది కొసమీదా చుక్కలుంటే చినూక్. చిగుళ్ళు తెల్లగా ఉండి, చుక్కలు తోక పై కొసకే ఉంటే కోహో, అదీ సాల్మనే. స్టీల్‌హెడ్‌కి నోరంతా తెలుపే. తోక నిండా చుక్కలు వరసగా ఉంటాయి, తోక చివర దాదాపు తిన్నగా ఉంటుంది. ఇంకా అనుమానంగా ఉంటే పొట్ట కింద, తోకకు ముందుండే రెక్క చూడు. సాల్మన్‌కి అది పొడుగు, స్టీల్‌హెడ్‌కి పొట్టి. పొద్దుటి మసక వెలుతురులో, పడవ ఊగుతూంటే, పక్కవాళ్ళు కేకలు పెడుతూంటే ఇదంతా గుర్తుపట్టడం తేలిక కాదు. ఇంటి దగ్గర ఫోటోలు ముందు పెట్టుకుని కళ్ళకు అలవాటు చేసుకో.

నిన్నొకసారి ట్రౌట్ గురించి అడిగావు కదా. కొండ వాగుల్లో దొరికే రెయిన్‌బో ట్రౌట్, ఈ స్టీల్‌హెడ్ రెండూ ఒకే జాతి. ఒక తల్లి పెట్టిన గుడ్లలోంచే కొన్ని పిల్లలు వాగులోనే ఉండిపోయి చిన్న ట్రౌట్లుగా బతుకు వెళ్ళదీస్తాయి. కొన్ని వెండిరంగు తిరిగి సముద్రానికి పోయి, ఒకటి రెండేళ్ళలో పెద్ద చేపలై వెనక్కి వస్తాయి. ఏది ఉండిపోతుందో, ఏది పోతుందో ముందే చూసి చెప్పగలిగినవాళ్ళు లేరు. పైగా చినూక్ గుడ్లు పెట్టగానే చచ్చిపోతుంది. స్టీల్‌హెడ్‌లో కొన్ని మాత్రం మళ్ళీ సముద్రానికి దిగి, ఇంకోసారి పైకి రాగలవు. నువ్వు జాగ్రత్తగా వదిలిన స్టీల్‌హెడ్‌కి రెండో కాన్పు కూడా ఉండొచ్చన్నమాట.

ఇక రెక్క సంగతి. వీపు మీది పెద్ద రెక్కకూ తోకకూ మధ్య ఒక చిన్న కండరెక్క ఉంటుంది, అడిపోజ్ అంటారు. ముల్లు ఉండదు, గోరంత ఉంటుంది. హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోట, పెంచిన పిల్లల్లో చాలావాటికి నదిలో వదిలే ముందే దాన్ని కత్తిరిస్తారు. పెద్దయ్యాక ఆ చోట నున్నటి మచ్చ మిగులుతుంది. రెక్క లేకపోతే హేచరీ చేప, నిబంధనలు ఒప్పుకుంటే తెచ్చుకోవచ్చు. రెక్క ఉందంటే నదిలో పుట్టి పెరిగిందనే అనుకోవాలి. స్టీల్‌హెడ్‌కి రెక్క ఉంటే ఇక ఆలోచనే లేదు, వదిలెయ్యడమే. మీ రీచ్‌లో చినూక్ బాగా వచ్చిన సంవత్సరాల్లో రెక్క ఉన్నదాన్ని కూడా ఉంచుకోనిస్తారు. నిబంధనలు సీజన్ మధ్యలో కూడా మారుతుంటాయి కాబట్టి, బయల్దేరే రోజు పొద్దున్నే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంటు వాళ్ళ పేజీ చూసుకో. ఉంచుకోనిచ్చిన రోజున కూడా ఒకటి చాలు నాన్నా. మనం ముగ్గురమే కదా.

ఎందుకంత పట్టుదల అంటావేమో. నీ గేలానికి తగిలిన ఆ చేప ఆస్టోరియా దగ్గర సముద్రం వదిలి, బోనవిల్, ది డాలెస్, జాన్ డే, మెక్‌నరీ అనే నాలుగు డ్యాములకు పక్కన కట్టిన మెట్లెక్కి, ఐదువందల కిలోమీటర్లకు పైగా ఎదురీది నీ దగ్గరకొచ్చింది. దారిలో తిండి దాదాపు ముట్టదు. ఒంట్లో ఉన్న కొవ్వే దానికి దారి బత్తెం. నువ్వు సూపర్ బెయిట్ అనే బోలు ఎరబొమ్మలో ట్యూనా కూరి, నూనె పోసి దించుతావు చూడు, దాన్ని కొరికేది ఆకలేసి కాదు. అదేదో తన ముందు వణుకుతూ అడ్డొస్తోందని కొరుకుతుంది. అందుకే రాడ్ కొస టకటకమనగానే లాగెయ్యకు. రాడ్ మొత్తం నీళ్ళ వైపు వంగిపోయేదాకా చెయ్యి బిగపట్టుకో.

నాలుగు డ్యాములు దాటి వచ్చినది అదృష్టవంతురాలు. ఇంకా పైన, 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ డ్యాముకు చేప ఎక్కే మెట్లే కట్టలేదు. కెటిల్ ఫాల్స్ దగ్గర తరతరాలుగా సాల్మన్ పట్టిన తెగలవాళ్ళు 1940లో అక్కడ చేరి ఏడ్చి, ఆ రేవుకు వీడ్కోలు చెప్పుకున్నారు. కింద సెలైలో జలపాతం దగ్గర చెక్క మంచెల మీద నిలబడి పొడవాటి కర్రల వలలతో చేపలు పట్టేవాళ్ళు. 1957 మార్చి 10న ది డాలెస్ డ్యాము గేట్లు మూసిన కొన్ని గంటల్లోనే ఆ జలపాతం నీళ్ళలో మునిగిపోయింది. 1855 ఒడంబడికల్లో, తాము అలవాటుగా పట్టే చోట్ల చేపలు పట్టుకునే హక్కును యాకమా, యుమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పర్స్ తెగలు తమ దగ్గరే ఉంచుకున్నాయి. ఆ హక్కు కోసం వాళ్ళు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కాస్కేడ్ లాక్స్‌లో మనం చేప కొనేది వాళ్ళ దగ్గరే. నదిలో వాళ్ళ వలలు కనబడితే దూరంగా వెళ్ళు, మీ స్నేహితులు ఏమన్నా సరే.

ఇది నాకు పరాయి కథలా అనిపించదు. మన గోదావరికి ధవళేశ్వరం దగ్గర 1852లోనే ఆనకట్ట వచ్చింది. డెల్టాకు అన్నం పెట్టింది, అది కాదనను. కానీ వరదనీటికి సముద్రం నుంచి ఎదురొచ్చే పులసకు దారి అక్కడ ఆగింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మనవాళ్ళు. తినాలన్న ఆరాటం అంత ఉంది, అది పైకెలా వస్తుందన్న ఆలోచన మాత్రం నేను పెరిగిన లంకలో ఎవరి నోటా వినలేదు. జూన్‌లో బోనవిల్ కింద మనం పట్టే షాడ్ చేప పులసకు చుట్టమే. 1870ల్లో తూర్పు తీరం నుంచి తెచ్చి ఈ తీరంలో వదిలారు, ఇప్పుడు లక్షల్లో ఎక్కుతోంది. దానికి రోజుకిన్ని అన్న లెక్క కూడా లేదు. నీకు తనివితీరా పట్టాలనిపిస్తే షాడ్ పట్టు, నేను ఆపను.

నువ్వు వెళ్ళే రీచ్ మాత్రం వేరు. బోనవిల్ పైన అమెరికా వైపు కొలంబియాలో, ఆనకట్టల మధ్య నది నదిలా పారే చోటు అదొక్కటే మిగిలింది. 1943 నుంచి ఆ ఒడ్డున ప్లుటోనియం తయారీ కోసం జనాన్ని రానివ్వకపోవడంతో ఆ నేల, ఆ నీళ్ళు అలా ఉండిపోయాయి. అక్టోబరు చివర చినూక్ తల్లి ఒక పక్కకు వాలి, తోకతో గులకరాళ్ళు కొట్టి గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళు కప్పుతుంది. పైన ప్రీస్ట్ ర్యాపిడ్స్ డ్యాము కరెంటు అవసరాన్ని బట్టి నీళ్ళు వదులుతుంది, ఆపుతుంది. నీళ్ళు ఎక్కువున్నప్పుడు ఒడ్డు దగ్గర పెట్టిన గుడ్లు, నీళ్ళు తీసేస్తే ఎండిపోతాయి. 1988లో వెర్నిటా బార్ ఒప్పందం కుదిరాక, ఆ రోజుల్లో పగటిపూట నీళ్ళు తగ్గించి వదులుతున్నారు. చినూక్ ఎక్కువగా పగలే గుడ్లు పెడుతుంది గనక గుంటలు లోతట్టునే పడతాయి. పిల్లలు రాళ్ళలోంచి బయటికొచ్చేదాకా వాటి మీద నీళ్ళు ఉండేలా చూస్తారు. కరెంటు అమ్ముకునేవాళ్ళే చేప కోసం వేళలు మార్చుకున్నారు చూడు. నవంబరులో ఒడ్డున నడిచేటప్పుడు చుట్టూ నాచుపట్టిన రాళ్ళ మధ్య తెల్లగా, శుభ్రంగా ఉన్న జాగా కనబడితే దాని మీద కాలు పెట్టకు. గుడ్లు దాని కిందే ఉంటాయి.

వదిలేటప్పుడు చేతులు తడుపుకుని పట్టుకో, పొడి చెయ్యి ఒంటి మీది జిగురు ఊడదీస్తుంది. మొప్పల్లో వేలు పెట్టకు. గేలం కొక్కేనికి ఉండే ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కేసి ఉంచితే ఇట్టే వచ్చేస్తుంది. ఫోటో కోసం నీళ్ళలోంచి ఎత్తొద్దు. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, తోక మొదలు పట్టుకుని ఉండు. అది నీ చేతిలోంచి తోక విదిలించుకుని పోయేదాకా ఆగు. ఎండలకు నీళ్ళు వెచ్చబడ్డ రోజుల్లో అసలు వెళ్ళకపోవడమే మంచిది. 2015 వేసవిలో నది వేడెక్కి రెండు లక్షలకు పైగా సాకై సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయాయి. వెచ్చటి నీళ్ళలో అలిసిన చేపను ఎంత జాగ్రత్తగా వదిలినా బతకకపోవచ్చు.

ఉంచుకునే చేపనైతే తలమీద ఒక్క దెబ్బ గట్టిగా కొట్టు, బాధ పెట్టకు. కార్డులో వెంటనే రాయి. మొప్పలు కోసి రక్తం కారనిచ్చి, పొట్ట శుభ్రం చేసి, లోపల కూడా ఐసు నింపు. లైఫ్ జాకెట్ ఒడ్డు వదిలినప్పుడు వేసుకుంటే మళ్ళీ ఒడ్డుకొచ్చాకే విప్పాలి. డ్యాము నీళ్ళు అడుగుల లెక్కన లేస్తాయి, చల్లగా ఉంటాయి, ఈత వచ్చు కదా అనుకోవద్దు.

తల పారెయ్యకు. మీ నాన్న చినూక్ తలతో, పొట్ట ముక్కలతో బెండకాయలు వేసి పులుసు పెడతానంటున్నారు. ఆ పొట్ట కొవ్వుకు నూనె చెంచాడు చాలట. శుక్రవారం రాత్రి బయల్దేరేటట్టయితే ముందే చెప్పు, చింతపండు నానబెట్టిస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ