బస్టాపు బస్సుకే దక్కాలంటే

సంపాదకుల వారికి నమస్కారం.

కూకట్‌పల్లి నుంచి కోఠికి 218 నంబరు బస్సులో ఉద్యోగానికి వెళ్లివచ్చే మనిషిని. మొన్న సాయంత్రం అమీర్‌పేట మైత్రివనం స్టాపులో జరిగింది చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. స్టాపు ముందు ఆటోలు ఒక వరుస, వాటి పక్కనే ఎవరికోసమో ఎదురుచూస్తూ ఆపిన కార్లు మరో వరుస. బస్సుకు చోటు లేక డ్రైవరు నడిరోడ్డు మీదే ఆపారు. చంకలో పిల్లవాడు, చేతిలో సంచితో ఒక తల్లి ఆటోల సందులోంచి దూరి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టబోతుండగా ఎడమవైపు నుంచి ఒక బైకు దూసుకొచ్చింది. కండక్టరమ్మ రెక్క పట్టుకుని పైకి లాగబట్టి సరిపోయింది. పిల్లవాడి చెప్పు ఒకటి కింద పడిపోయింది, బస్సు కదిలిపోయింది.

హెల్మెట్ లేకపోతే ఫోటో తీసి చలానా పంపే నగరం మనది. బస్సు దారికీ, బస్టాపుకూ అడ్డంగా వాహనం నిలిపినవారికి మాత్రం ఆ భయమే లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో రద్దీ ఎంత పెరిగిందో రోజూ ఎక్కేవారికి తెలుసు. టికెట్టు తీసేసినా, బస్సు ఎక్కేచోట నేల మీద కాలు ఆనించే జాగా లేకపోతే ఆ మేలు సగమే అందినట్టు.

రోడ్డు మీద గీత గీసినంత మాత్రాన దారి మిగలదు. బెంగళూరులో 2019లో సిల్క్ బోర్డు, కె.ఆర్. పురం మధ్య బస్సులకు ప్రత్యేక లేను కేటాయించినా ప్రైవేటు వాహనాలు చొరబడుతూనే వచ్చాయి, తర్వాత మెట్రో పనులతో ఆ లేనే పోయింది. పోలీసులను కాపలా పెడితే వాళ్లు నిలబడినంతసేపే పని జరుగుతుంది. న్యూయార్క్ నగరంలో అదే 2019లో ఎం15 అనే బస్సు మార్గంతో మొదలుపెట్టి కెమెరాలను బస్సులకే అమర్చారు. బస్సుల లేనును ఆక్రమించిన వాహనం నంబరు ప్లేటు, సమయం, స్థలం నమోదవుతాయి, ఆ ఆధారాలను పరిశీలించాకే నోటీసు పంపుతారు. తొలి తప్పుకు 50 డాలర్లు, ఏడాదిలోపు మళ్లీ మళ్లీ చేస్తే 250 వరకు. నాకు బాగా నచ్చినది ఈ మెట్ల పద్ధతే, ఎందుకంటే తెలియక ఒకసారి ఆగినవారినీ, రోజూ అక్కడే నిలిపేవారినీ అది ఒకే గాటన కట్టదు. మన దగ్గర 2022లోనూ, 2023 చివరలోనూ పాత చలానాలకు భారీ రాయితీ ఇచ్చారు. కట్టకుండా కూర్చుంటే ఎప్పుడో తగ్గిస్తారన్న ధీమా అలా పెరిగింది.

కెమెరా కూడా తప్పు చేస్తుంది. న్యూయార్క్‌లోనే 2024లో ఈ కెమెరాల నిఘాను బస్టాపుల ఆక్రమణకూ, డబుల్ పార్కింగ్‌కూ (ఆగి ఉన్న వాహనాల పక్కనే మరో వరుసగా నిలపడం) విస్తరించినప్పుడు వేల సంఖ్యలో తప్పుడు జరిమానాలు వెళ్లాయి, వాటిలో సక్రమంగా నిలిపిన వాహనాలవీ ఉన్నాయి. కనుక ప్రతి ఫోటోనూ ఒక మనిషి చూసి సరేననాలి, అభ్యంతరం చెప్పుకునే మార్గం తెలుగులో, సులువుగా ఉండాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 167ఎ ప్రకారం నోటీసు 15 రోజుల్లోపు పంపాలి, చలానా పరిష్కారమయ్యేదాకా రికార్డును భద్రపరచాలి. దాన్ని అక్షరాలా పాటించాలి. ఆటో డ్రైవర్లకు పొట్టకూటి పని అది; స్టాపుకు కొంచెం ముందుగానో వెనుకగానో వారికి గుర్తించిన స్టాండు చూపించకుండా జరిమానా మాత్రమే వేయడం న్యాయం కాదు.

పటాన్‌చెరు, కోఠి మధ్య తిరిగే కొన్ని బస్సులకు ఇలాంటి కెమెరాలు అమర్చి, మొదటి రెండు నెలలు జరిమానా లేకుండా హెచ్చరిక సందేశాలే పంపి, ఆ తర్వాత ఏ స్టాపులో ఎన్ని వాహనాలు పట్టుబడ్డాయో నెలనెలా ప్రజలకు తెలియజేయాలని రవాణా, ట్రాఫిక్ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నిత్య ప్రయాణికురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్