తెలుగు శతకానికి ఇంగ్లీషు ప్రకటనా?

సంపాదకులకు,

నమస్కారం. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మా వీధి గ్రంథాలయం బీరువాలో ఒక శతకం ఉంది. మహేంద్రగిరి శివుడి మీద ఈ ఊరి మాస్టారు ఒకాయన రాసి, 1958లో సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నది. మాకు తెలిసి మిగిలిన ప్రతి ఇదొక్కటే. పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతోంది.

మా దగ్గర పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో చదివేది ఒడియా. వాళ్ల కోసం ఈ పద్యాలు ఒక పేజీలో తెలుగు లిపిలో, ఎదురు పేజీలో ఒడియా లిపిలో వేసి, రెండు వందల కాపీలు ఉచితంగా పంచుదామని నలుగురం చందాలు వేసుకున్నాం. ప్రెస్సాయన పని మొదలుపెట్టే ముందు ఒక మాట అడిగాడు: "మాస్టారూ, కాపీరైట్ పర్మిషన్ ఉందా?" లేదన్నాను. ఆయన కాగితాలు తిరిగి నా చేతిలో పెట్టాడు. అందులో ఆయన తప్పేం లేదు.

అప్పటి నుంచి ఆ చట్టం చదువుతున్నాను. ఇన్నేళ్లు వ్యాకరణం చెప్పినవాడికే కొరుకుడు పడని వాక్యాలు. తేలిందేమిటంటే, మన దేశంలో రచయిత బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ అరవై కూడా పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క. మా మాస్టారు 1979లో పోయారని పెద్దవాళ్లు చెబుతారు. అంటే 2039 డిసెంబరు ఆఖరు దాకా వారసుల అనుమతి లేకుండా ఆ పుస్తకం వేయకూడదు. లిపి మార్చినా అంతే. ఇంతకీ వారసులెవరు? కొడుకు ఖరగ్‌పూర్ రైల్వేలో చేసేవారని ఒకరంటారు, విశాఖలో స్థిరపడ్డారని ఇంకొకరు. పుస్తకం అట్ట మీదున్న అడ్రసులో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది.

మొదట్లో ఇంత గడువు లేదు. 1710 నాటి ఇంగ్లండు చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్లు ఇచ్చింది. అవి తీరేసరికి రచయిత బతికుంటే ఇంకో 14. రాసినవాడికి నాలుగు డబ్బులు వస్తే మరో పుస్తకం రాస్తాడన్నది ఆలోచన. తర్వాత కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందంలో, రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు ఇవ్వాలని దేశాలు అనుకున్నాయి. పెళ్లాం పిల్లలకీ మనవలకీ కూడా ఆ కష్టఫలం అందాలని. దాన్ని నేను కాదనను. జీవితమంతా రాసి, అప్పులు మిగిల్చిపోయిన వాళ్ల ఇళ్లు చూశాను. మన 1957 చట్టం కూడా 50 ఏళ్లే అంది.

ఆ 50 కాస్తా 60 అయిన తీరు మాత్రం చిత్రం. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు. ఆయన రచనల గడువు 1991 డిసెంబరు 31తో తీరిపోవాలి. హక్కులు ఆయన స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయానివి. ఇంకో మూడు రోజుల్లో తీరుతుందనగా, డిసెంబరు 28 నుంచి వర్తించేలా పదేళ్లు పెంచారు, దేశంలోని రచయితలందరికీ కలిపి. చాలా ఏళ్లు మా ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1940 జనవరిలో పోయారు గనక, ఆయన రాతలు 1991 జనవరి 1 నుంచే అందరివీ అయ్యాయి. ఇంకో ఏడాది బతికి ఉంటే, సవర భాష కోసం ఆయన పడ్డ పాటు కూడా మరో పదేళ్లు తాళం కిందే ఉండేది.

పేరున్నవాళ్ల సంగతి వేరు. శ్రీశ్రీ 1983లో పోయారు, హక్కులు 2043 ఆఖరు దాకా ఉంటాయి. ఉంటే ఏం? ఆయన పుస్తకం బరంపురంలో దొరక్కపోతే విజయనగరంలో కొనుక్కుంటాం. ఎవరూ అమ్మని, ఎవరూ కొనని పుస్తకానికే ఈ గడువు గండం. వారసులకు దాని మీద రూపాయి రాదు, చదివేవాళ్లకు పుస్తకం రాదు. వచ్చేవి చెదలే.

చట్టం చేసినవాళ్లకు ఇది తట్టలేదని అనను. 2012 సవరణలో, లాభాపేక్ష లేని గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని స్కాన్ చేసి దాచుకోవచ్చన్నారు. చేశాం. దాచుకోవచ్చు గానీ అచ్చేసి పంచకూడదు. హక్కుదారు ఆచూకీ తెలియని పుస్తకాలకు 31ఎ సెక్షన్ మరో దారి చూపింది. దరఖాస్తు చేసుకుంటే రాయల్టీ ఇంతని తేల్చి లైసెన్సు ఇస్తారు. ఆ సొమ్ము జమ చేస్తే, వారసులు ఎప్పుడొస్తే అప్పుడు తీసుకుంటారు. న్యాయంగానే ఉందే అని సంతోషించాను.

మిగతాది చదివాక నవ్వొచ్చింది. దరఖాస్తుకు ముందు ఆ సంగతి పేపర్లో ప్రకటించాలి. ఏ పేపర్లో? దేశంలో ఎక్కువ భాగంలో చెలామణీ అయ్యే ఇంగ్లీషు దినపత్రికలో! అనువాదం వేసేవాళ్లయితే ఆ అనువాద భాష పత్రికలో కూడా వేయాలట. తెలుగు పుస్తకాన్ని తెలుగులోనే వేసేవాడు తెలుగు పేపర్లో ప్రకటించాలని మాత్రం ఎక్కడా లేదు. అంటే పర్లాకిమిడి తెలుగు మాస్టారి మనవణ్ణి ఢిల్లీ, ముంబయి దాకా ఇంగ్లీషులో కేకేసి వెతకాలి. టెక్కలిలో టీ కొట్టు దగ్గర తెలుగు పేపరు చదువుకుంటున్న మనవడికి ఆ కేక వినపడదు. పైగా మా చందాలన్నీ కలిపినా అలాంటి ప్రకటన ఖర్చుకు చాలవు.

అరవై ఏళ్లు తగ్గించమని అడగొచ్చు. బెర్న్ ఒప్పందం వల్ల యాభైకి మించి కిందికి దిగలేం, ఆ పదేళ్ల సంగతి తేలేసరికి నేనుండను. ప్రకటన నిబంధన మార్చడానికి మాత్రం ఏ విదేశీ ఒప్పందమూ అడ్డు రాదు. పుస్తకం ఏ భాషదైతే ఆ భాష దినపత్రికలో, రచయిత ఊరికి దగ్గరి ఎడిషన్‌లో వేస్తే చాలని ఒక్క వాక్యం మారిస్తే సరి. శ్రీకాకుళం ఎంపీ గారూ, బరంపురం ఎంపీ గారూ పార్లమెంటులో ఈ ఒక్క మాట అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఈలోగా మహేంద్రగిరి శివుడి శతకం మాస్టారి తాలూకు వాళ్లెవరైనా ఈ ఉత్తరం చూస్తే, మీ ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాయమనండి. "వేసుకోండి" అన్న మాట, కింద సంతకం చాలు. చట్టం లెక్కలో ఇది ప్రకటన కిందికి రాదు, తెలుగులో ఉంది కదా.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా