ఊడిన పన్నును పాలలో వేసి తీసుకురండి

సంపాదకులకు,

నమస్కారం. మండల, జిల్లా స్థాయి పాఠశాల క్రీడల వార్తలు మీ జిల్లా పేజీల్లో చదువుతున్నప్పుడల్లా, వ్యాయామ ఉపాధ్యాయుడిగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, గెలిచిన జట్ల ఫొటోల్లో కనిపించని ఒక సంగతి గుర్తుకు వస్తుంటుంది. ఆటస్థలంలో పిల్లల పళ్లకు, నోటికి, దవడకు దెబ్బ తగిలితే మొదటి అరగంటలో ఏం చేయాలో మాలో చాలామందికి తెలియదు. మోకాలు గీసుకుపోతే ఏం చేయాలో తెలుసు, చెయ్యి విరిగితే స్కేలు ఆనించి కట్టు కట్టడమూ తెలుసు. పన్ను ఊడి నేలమీద పడితే మాత్రం దాన్ని వెతకాలన్న ఆలోచన కూడా రాదు.

ఇతరులను అనడం ఎందుకు, నా పొరపాటే చెబుతాను. సుమారు ఇరవై ఏళ్ల కిందట నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఖోఖో ఆడుతూ, స్తంభం దగ్గర మలుపు తిరగబోయి దానికే మొహం కొట్టుకున్నాడు. పెదవి చీలింది, పై వరుసలోని ముందరి పన్ను ఒకటి వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. నెత్తురు చూసి కంగారుపడిన నేను ఆ పన్నును బోరింగు కింద పెట్టి, మట్టి పోయేదాకా వేళ్లతో రుద్ది కడిగి, నోటుపుస్తకం కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను. పెదవికి కుట్లు వేయించి, టీటీ ఇంజెక్షన్ చేయించేసరికి సాయంత్రమైంది. పళ్ల డాక్టరు గారి దగ్గరకు మరునాడు గాని వెళ్లలేదు. ఆయన పొట్లం విప్పి చూసి, కోప్పడలేదు గానీ, "రుద్దకుండా పాలలో వేసి నిన్ననే తెచ్చి ఉంటే దీన్ని నిలబెట్టడానికి ప్రయత్నించేవాణ్ణి మాస్టారూ" అన్నారు. శుభ్రం చేస్తున్నాననుకుని నేను చేసిన పనే ఆ పన్నుకు చేటయిందని అప్పుడు తెలిసింది.

ఆయన ఆ రోజు వివరించిన దాన్ని, ఆ తర్వాత నేను అడిగి తెలుసుకున్నదాన్ని ఇక్కడ రాస్తున్నాను. పన్ను మన దవడ ఎముకలో గోడకు దిగ్గొట్టిన మేకులా ఉండదు. వేరు చుట్టూ సన్నని నారపొర ఒకటి ఉండి, పన్నును ఎముకకు పట్టి ఉంచుతుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొర తెగి, అందులో కొంత భాగం వేరుకు అంటుకుని వస్తుంది. దానిలోని కణాలు బతికి ఉంటేనే, తిరిగి గుంటలో పెట్టిన పన్ను అతుక్కుంటుంది. అవి గాలికి ఆరితే చస్తాయి, మామూలు నీళ్లలో నానితే ఉబ్బి పగిలిపోతాయి, రుద్దితే రాలిపోతాయి. పాల లవణ సాంద్రత మన శరీర ద్రవాలకు దగ్గరగా ఉంటుంది కనుక వాటిలో ఆ కణాలు కొంతకాలం ప్రాణంతో ఉంటాయి. పావుగంటలోపు గుంటలోకి చేరిన పన్నుకు ఎక్కువ అవకాశం ఉంటుంది; గంటకు మించి పొడిగా ఉండిపోతే ఆ కణాలు దాదాపుగా చచ్చినట్టే లెక్క.

కాబట్టి శాశ్వత పన్ను ఊడితే దాన్ని వెంటనే వెతికి, వేరును ముట్టుకోకుండా, మనం నవ్వినప్పుడు కనిపించే తెల్లని భాగాన్నే పట్టుకోవాలి. మట్టి అంటి ఉంటే పాలతోనో, సెలైన్‌తోనో, ఏదీ లేకుంటే ఆ పిల్లవాడి ఉమ్మితోనో పైపైన ఒకసారి కడగాలి. పిల్లవాడు స్పృహలో ఉండి సహకరిస్తే, పన్నును దాని గుంటలోనే సరైన దిశలో మెల్లగా పెట్టి, శుభ్రమైన చేతిరుమాలు మడిచి కొరికి పట్టుకోమని చెప్పాలి. ఈ పని చేయడానికి ధైర్యం చాలకపోతే, నా వంటి వాళ్లకు చాలదు కూడా, చల్లని పాలు పోసిన గ్లాసులో పన్ను వేసుకుని దంతవైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి. పాలు వేడిగా ఉండకూడదు. పాలు దొరక్కపోతే కప్పులో పిల్లవాడినే ఉమ్మమని, అందులో పన్ను ఉంచవచ్చు.

అక్కడ వైద్యులు పన్నును సరిచేసి, పక్క పళ్లతో కలిపి, కొద్దిగా కదిలే వీలున్న సన్నని తీగతో సుమారు రెండు వారాలు కట్టి ఉంచుతారు. వేరు పూర్తిగా ఎదిగిన పన్ను అయితే ఆ రెండు వారాల్లోపే రూట్ కెనాల్ (పన్ను లోపలి నరాన్ని తీసి, శుభ్రం చేసి మూసే చికిత్స) మొదలుపెడతారు; చిన్న పిల్లల్లో వేరు కొన ఇంకా మూసుకోకపోతే లోపలి రక్తప్రసరణ తిరిగి ఏర్పడే అవకాశం ఉంటుంది కనుక వేచి చూస్తారు. తర్వాత కొన్నేళ్ల పాటు పరీక్షలకు వెళ్లక తప్పదు. ఆలస్యమైందని పన్నును పారేయకూడదు. ఎక్కువకాలం నిలవకపోయినా, ఎదిగే వయసులో అక్కడి ఎముక కుంగిపోకుండా అది కొన్నేళ్లు కాపాడవచ్చు. దవడ ఎదుగుదల పూర్తికాకముందు ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయరు కనుక, తొమ్మిదేళ్లకు పన్ను పోగొట్టుకున్న పిల్లవాడు యవ్వనం దాకా తీసి పెట్టుకునే కట్టుడు పన్నుతోనో, ఖాళీతోనో గడపవలసి వస్తుంది.

మన ఇళ్లలో ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసరడం ముచ్చటైన ఆచారమే. చిక్కు ఎక్కడంటే, పైవరుస ముందరి శాశ్వత పళ్లు ఏడెనిమిదేళ్లకే వచ్చేస్తాయి. వాటిలో ఒకటి ఊడినా "మళ్లీ వస్తుందిలే" అని పెద్దవాళ్లు తేలిగ్గా తీసుకుంటే, ఇక రాని పన్ను కూడా కప్పుమీదకే చేరుతుంది. ఇందుకు విరుద్ధంగా, చిన్నపిల్లల పాలపన్ను దెబ్బతగిలి ఊడితే దాన్ని ఎప్పుడూ గుంటలో తిరిగి పెట్టకూడదు. కింద తయారవుతున్న శాశ్వత పన్నుకు హాని జరగవచ్చు. ఏది పాలపన్నో తెలియకపోతే పాలలో వేసి వైద్యుడికే చూపించాలి.

పన్ను సగానికి విరిగితే ఆ ముక్కనూ ఆరిపోకుండా తీసుకువెళ్లాలి, చాలాసార్లు దాన్నే అతికిస్తారు. ముక్క కనిపించకపోతే పెదవి గాయంలో ఇరుక్కుందేమో కుట్లు వేయకముందే చూడమని వైద్యుడికి చెప్పాలి. పన్ను మింగాడో, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో అన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే అవసరం. గాయంలో కాఫీపొడి, సున్నం వంటివి అద్దే అలవాటు మానుకోవాలి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, బుగ్గపై బయటి నుంచి ఐసు పెడితే చాలు.

దవడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సైకిల్ మీది నుంచి గడ్డం ఆనేలా పడిన పిల్లవాడికి గడ్డం కింద చిన్న చీలికే కనిపిస్తుంది. ఎముక అసలు విరిగిన చోటు మాత్రం చెవి ముందరి కీలు దగ్గర ఉండవచ్చు. పై పళ్లు, కింది పళ్లు మునుపటిలా కలవకపోయినా, నోరు తెరవలేకపోయినా, కింది పెదవి తిమ్మిరెక్కినా, నాలుక కింద నెత్తురు గడ్డకట్టి నల్లగా కనిపించినా దవడ విరిగిందేమోనని అనుమానించాలి. దీన్ని పట్టించుకోకపోతే కొందరు పిల్లల్లో కీలు బిగుసుకుపోయి, ఏడాదీ రెండేళ్లలో నోరు సరిగా తెరుచుకోకుండా పోతుంది, మొహం ఒకవైపు ఎదగదు. అలాంటి పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టకుండా, ముందుకు వంగి కూర్చోబెట్టి నెత్తురు ఉమ్మనివ్వాలి. స్పృహ తప్పినా, మెడ నొప్పి అన్నా కదిలించకుండా, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ 108కి ఫోన్ చేయాలి. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో దవడ శస్త్రచికిత్స విభాగాలున్నాయి. విరిగిన దవడను టైటానియం పలకలతో బిగిస్తారు, లేదా పై, కింది పళ్లను తీగలతో కలిపి కొన్ని వారాలు కట్టి ఉంచుతారు. అన్నాళ్లూ జావ, పప్పుకట్టు, పాలే ఆహారం. ద్విచక్ర వాహనంపై వెళ్లే పెద్దలకూ ఒక మాట: నెత్తిని మాత్రమే కప్పే సగం హెల్మెట్ గడ్డాన్ని కాపాడదు.

ప్రభుత్వాన్ని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వ్యాయామ ఉపాధ్యాయుల వృత్త్యంతర శిక్షణలో దీనికి ఒక గంట కేటాయించాలి. ప్రతి బడి ప్రథమ చికిత్స పెట్టెలో ఒక సెలైన్ సీసా, గాయానికి అదిమే శుభ్రమైన పలచని గాజ్ గుడ్డ, దగ్గరలోని దంత వైద్యుల ఫోన్ నంబర్ల కాగితం ఉంచాలి. హాకీ, బాక్సింగ్ ఆడేవాళ్లు వాడే నోటి రక్షణ తొడుగులను కబడ్డీ పిల్లలకూ అలవాటు చేయాలి. ఆటస్థలం గోడమీద "ఊడిన పన్నును రుద్దవద్దు, పాలలో వేసి వెంటనే తీసుకెళ్లండి" అని పెద్ద అక్షరాలతో రాయించాలి. ఆ గోడ టీకొట్టుకు ఎదురుగా ఉంటే మరీ మంచిది, పాలు అడగడానికి దూరం పోనక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తెనాలి