క్వాంటం సెన్సర్‌కు ముందుగా ఒక చిన్న ఉపగ్రహం ఇవ్వండి

గౌరవనీయులైన అంతరిక్ష శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అంతరిక్ష క్వాంటం సెన్సర్లకు, అంటే పరమాణువుల సాయంతో త్వరణాన్ని కొలిచే పరికరాలకు, నిధులిచ్చేటప్పుడు మొదటి విడతను భారీ మిషన్‌కు కాకుండా, సెన్సర్‌ను పరీక్షించే చిన్న ఉపగ్రహానికి కేటాయించమని అడగడానికే ఈ లేఖ.

2002లో వెళ్లిన గ్రేస్ జంట ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతూ, ఆ ఎడంలో వచ్చే సూక్ష్మమైన మార్పుల నుంచి భూమి గురుత్వాకర్షణను కొలిచాయి. గ్రీన్‌లాండ్ మంచు ఎంత తరుగుతోందో, భూగర్భజలం ఎక్కడ అడుగంటుతోందో అలా తెలిసింది. అయితే ఉపగ్రహాన్ని పల్చటి గాలి, సూర్యకాంతి కూడా నెడతాయి. ఆ తోపును కొలిచి, లెక్కలోంచి తీసేయడానికి తోడ్పడే పరికరం యాక్సిలరోమీటర్. 2018లో వెళ్లిన రెండో జంటలో ఒకదాని యాక్సిలరోమీటర్ కొద్ది వారాలకే మొరాయించింది. రెండోదాని రీడింగులు అరువు తెచ్చుకుని లెక్కలు కట్టాల్సి వచ్చింది.

క్వాంటం సెన్సర్ అవసరం ఇక్కడే. రుబీడియం అనే లోహపు పరమాణువులను లేజర్లతో పరమశూన్య ఉష్ణోగ్రత (అంతకన్నా చల్లబరచలేని హద్దు) దరిదాపులకు చల్లార్చి, లేజర్ పల్స్‌లతో ఒక్కో పరమాణువు తరంగాన్ని రెండు దారుల్లో పంపి మళ్లీ కలుపుతారు. కలిసినచోట కనిపించే తేడాయే త్వరణాన్ని చెబుతుంది. ఒకే ఐసోటోప్ (ఒక మూలకంలో ఒకే బరువున్న రకం) పరమాణువులన్నీ అచ్చం ఒకటే కాబట్టి, కాలం గడిచేకొద్దీ కొలత పక్కకు జారే బెడద చాలా తక్కువ. పైగా పల్స్‌ల మధ్య సమయం పదింతలైతే సున్నితత్వం వందింతలవుతుంది. నేల మీద పరమాణువులు వెంటనే కిందికి పడిపోతాయి కాబట్టి ఆ సమయమే దొరకదు. భారరహిత స్థితి ప్రయోగాల కోసం జర్మనీలో కట్టిన బ్రెమెన్ టవర్‌లో పరికరాన్ని పైనుంచి వదిలినా దక్కేది 5 సెకన్ల లోపే.

2017లో జర్మనీ శాస్త్రవేత్తల మైయస్ రాకెట్ ప్రయోగం, 2018 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని కోల్డ్ ఆటమ్ ల్యాబ్ అంతరిక్షంలో అతిశీతల పరమాణువులను తయారుచేయడం సాధ్యమేనని చూపాయి. ఇక మిగిలింది ఇంజినీరింగ్: ప్రయోగ సమయపు కుదుపులకు లేజర్లు గాడి తప్పకూడదు, ఉపగ్రహం మెల్లగా తిరిగినా సంకేతం చెదిరిపోకూడదు, కరెంటు ఖర్చు తగ్గాలి.

ఆకాశం నుంచి ఒక్కో బావిలో నీటిని లెక్కపెట్టవచ్చని మీకెవరైనా ప్రెజెంటేషన్ ఇస్తే, దయచేసి నమ్మకండి. వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఎంత మంచి సెన్సర్‌కైనా చిత్రం మసకగానే ఉంటుంది.

ఆ చిన్న ఉపగ్రహంలో పాత రకం యాక్సిలరోమీటర్‌ను కూడా పక్కనే ఉంచి, రెండింటి డేటాను, విఫలమైన రోజుల డేటాతో సహా, బహిరంగపరచండి. కొత్త శాస్త్రీయ ఆవిష్కరణ ఏదీ రాలేదని దాన్ని వైఫల్యంగా లెక్కకట్టవద్దు. సెన్సర్ నెలల తరబడి నిలకడగా పనిచేసిందా లేదా అన్నదే కొలమానంగా ఉత్తర్వులో రాయించమని మనవి.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు